రికార్డర్ బాక్సు నిలవడం లేదు, పదేపదే రీస్టార్ట్ అవుతోంది: లోపలి రికార్డింగులు పోకుండా బాగుచేయించడం ఎలా?

ప్రశ్న: గౌతమీతీరం (కాకినాడ)

అందరికీ నమస్కారం.

మా ఇంట్లో రికార్డింగ్ సదుపాయం ఉన్న డీటీహెచ్ బాక్సు ఒకటి చాలా ఏళ్ళుగా ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టుకుని వాడే రకం కాదు, లోపలే 500 జీబీ హార్డ్ డిస్కు ఉన్న రకం. ఇటీవల ఈదురుగాలులతో వాన పడినప్పుడు కరెంటు పోవడం, రావడం, మళ్ళీ పోవడంగా కాసేపు ఆడింది. అప్పటి నుంచి ఈ బాక్సు నిలవడం లేదు. స్విచ్ వేయగానే ముందు దీపం వెలుగుతుంది, టీవీ మీద కంపెనీ గుర్తు కనిపిస్తుంది, లోపల డిస్కు తిరగడం మొదలుపెట్టిన చప్పుడు సన్నగా వినిపిస్తుంది, అంతలోనే అన్నీ ఆరిపోయి మళ్ళీ మొదటి నుంచి అదే వరుస. ఒకసారి మాత్రం కొంచెం ముందుకు వెళ్ళి, నిల్వ పరికరంలో లోపం ఉందని, ఫార్మాట్ చేయడానికి ఓకే నొక్కమని తెర మీద రాసి చూపించింది. నేను ఏమీ నొక్కకుండా స్విచ్ ఆపేశాను.

ఇంత ఆరాటం ఎందుకంటే, మా నాన్నగారు హరికథకులు. ఆయన చెప్పిన కథ ఒకటి దూరదర్శన్ వారి సప్తగిరి ఛానెల్‌లో ప్రసారమైనప్పుడు ఈ బాక్సులోనే రికార్డు చేసుకున్నాం. దానికి మా దగ్గర ఇంకో ప్రతి లేదు. ఇప్పుడు గొంతు సహకరించక ఆయన కథ చెప్పడం మానేశారు. మిగిలిన క్రికెట్ మ్యాచులూ సినిమాలూ పోయినా మాకు బాధ లేదు గానీ, ఆ ఒక్క కార్యక్రమం మాత్రం దక్కాలి.

కంపెనీ తరఫున వచ్చిన అబ్బాయి బాక్సు చూసి, దీన్ని బాగుచేయరని, పాతది తీసుకుని కొత్తది ఇస్తారని చెప్పాడు. రికార్డింగుల సంగతి అడిగితే అవి రావన్నాడు. మా వీధి చివర కంప్యూటర్ షాపు నడిపే ఆయన మాత్రం డిస్కు ఊడదీసి తెస్తే కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్ళన్నీ కాపీ చేసి ఇస్తానంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలో తేల్చుకోలేక బాక్సును ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టాను. తెలిసినవారు దయచేసి చెప్పండి: ఈ లోపం డిస్కులో ఉన్నట్టా, బాక్సులో ఉన్నట్టా? డిస్కును కంప్యూటర్‌కు తగిలిస్తే ఆ కార్యక్రమం వస్తుందా?

జవాబు: సోల్డరింగ్ శాల (విజయవాడ)

గౌతమీతీరం గారూ, నమస్కారమండి. ఫార్మాట్ అడిగినప్పుడు ఓకే నొక్కకుండా స్విచ్ ఆపేయడం చాలా మంచి పని. బాక్సును కంపెనీకి అప్పగించకండి, డిస్కును కంప్యూటర్ షాపుకు పంపకండి. ఆ రెండూ ఎందుకు వద్దో ఇక్కడ డిస్కుల పని చేసేవారు నాకంటే వివరంగా చెప్పగలరు. నేను టీవీలు, బాక్సులు రిపేరు చేసేవాణ్ణి గనుక కరెంటు వైపు సంగతి చెబుతాను.

మొదట చేయవలసినది పైసా ఖర్చు లేని పరీక్ష. బాక్సు ప్లగ్ పూర్తిగా తీసేసి, వెనక డిష్ నుంచి వచ్చే కేబుళ్ళను ఊడదీయండి. రికార్డర్ బాక్సుల్లో రెండు ట్యూనర్లు ఉంటాయి గనుక సాధారణంగా రెండు కేబుళ్ళు ఉంటాయి, రెండూ తీయాలి. తీసిన తరువాతే ప్లగ్ పెట్టి ఒక్కసారి స్విచ్ వేసి చూడండి. డిష్ మీద ఉండి సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీకి కరెంటు పంపేది ఈ బాక్సే. అదే కేబుల్‌లో 13 వోల్టులు పంపితే ఒక రకం ఛానెళ్ళు, 18 వోల్టులు పంపితే ఇంకో రకం ఛానెళ్ళు వస్తాయి. గాలివానకు కనెక్టర్‌లోకి నీళ్ళు దిగినా, నడిమి రాగి తీగకు చుట్టూ ఉన్న జల్లెడ పోగు ఒకటి తగిలినా అక్కడ షార్ట్ అయి, ఆ బరువంతా బాక్సు పవర్ సప్లై మీద పడుతుంది. చాలా బాక్సులు అలాంటప్పుడు షార్ట్ అని తెర మీద చెప్పి ఊరుకుంటాయి గానీ, పవర్ సప్లై అప్పటికే బలహీనపడి ఉంటే మీరు చెప్పినట్టే ఆరిపోయి మళ్ళీ మొదలవుతాయి. వాన తరువాత పాడైందని నా దగ్గరకు వచ్చే బాక్సుల్లో కొన్నిటి రోగం మేడ మీది కనెక్టర్‌లోనే ఉంటుంది. కనెక్టర్ విప్పి చూస్తే రాగి తీగ మీద పచ్చటి చిలుము పట్టి ఉంటుంది.

కేబుళ్ళు తీసినా ఇదే వరుస కొనసాగితే నా అనుమానం పవర్ సప్లై మీదే. మీరు చెప్పిన లక్షణాల్లో నాకు ముఖ్యంగా తోచింది, డిస్కు తిరగడం మొదలుపెట్టిన క్షణంలోనే బాక్సు ఆరిపోవడం. పెద్ద సైజు, అంటే మూడున్నర అంగుళాల డిస్కు మోటారు 12 వోల్టుల మీద నడుస్తుంది. ఒకసారి తిరుగుతూ ఉన్న తరువాత అది లాగే కరెంటు తక్కువే గానీ, ఆగి ఉన్న పళ్ళేలను కదిలించి వేగం అందుకునే ఆ కొద్ది సెకన్లలో ఒక ఆంపియర్‌కు మించి, కొన్ని డిస్కులు రెండు ఆంపియర్ల దాకా లాగుతాయి. పవర్ సప్లైలో 12 వోల్టుల వైపు ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు (కరెంటును నిలవ ఉంచి సమంగా అందించే చిన్న డబ్బాలు) ఏళ్ళ తరబడి వేడికి లోపలి ద్రవం ఎండిపోయి పని తగ్గిపోతాయి. ఊరికే ఉన్నప్పుడు మీటరు 12 చూపిస్తుంది, డిస్కు లాగగానే దిగజారిపోతుంది. ఆ దెబ్బకు ప్రాసెసర్ రీసెట్ అవుతుంది. బాక్సును గాలాడని అద్దాల షోకేసులో పెట్టేవారి ఇళ్ళలో, బాక్సు మీద బట్ట కప్పే ఇళ్ళలో ఇది తొందరగా వస్తుంది.

తెర మీద వచ్చిన ఫార్మాట్ సందేశానికి కూడా ఇదే కారణం అయి ఉండవచ్చు. చాలినంత కరెంటు అందని డిస్కు జవాబివ్వదు, జవాబివ్వని డిస్కును బాక్సు పాడైన డిస్కు అనుకుంటుంది. కాబట్టి ఆ సందేశం చూసి డిస్కు పోయిందని నిర్ణయానికి రాకండి.

ఊళ్ళో నమ్మకమైన టీవీ మెకానిక్ చేత మూత తీయించి రెండు విషయాలు చూడమనండి. పవర్ సప్లై భాగంలో కెపాసిటర్ల తలలు చదునుగా ఉన్నాయా, ఉబ్బి ఉన్నాయా అన్నది ఒకటి. డిస్కుకు వెళ్ళే పవర్ వైర్లలో పసుపు వైరు మీద 12 వోల్టులు, ఎరుపు వైరు మీద 5 వోల్టులు డిస్కు తిరగబోయే క్షణంలో నిలుస్తున్నాయా అన్నది రెండోది. 12 వోల్టుల లైను పది శాతానికి మించి, అంటే 10.8 కంటే కిందికి దిగితే డిస్కు సరిగా పనిచేయదు. మూత తీసే పని మాత్రం మీరు స్వయంగా చేయకండి. 230 వోల్టుల ఏసీ లోపల డీసీగా మారినప్పుడు సుమారు 325 వోల్టులు అవుతుంది, దాన్ని నిలవ ఉంచుకునే పెద్ద కెపాసిటర్ ప్లగ్ తీసేశాక కూడా కొంతసేపు షాక్ కొట్టగలదు. ఇంకొక మాట, బాక్సు మీ సొంతమా, కంపెనీ అద్దెకిచ్చినదా అన్నది పాత కాగితాల్లో చూసుకోండి. అద్దెదైతే సీలు తీసే ముందు వారితో మాట్లాడడం ధర్మం.

అంతవరకు దాన్ని మళ్ళీ మళ్ళీ ఆన్ చేసి చూడకండి. చాలీచాలని కరెంటుతో డిస్కు తిరగబోయి ఆగినప్పుడల్లా దానికి నష్టమే.

జవాబు: డిస్కు భద్రం (హైదరాబాద్)

పాడైన డిస్కుల నుంచి డేటా తీసే పనిలో ఉన్నాను. సోల్డరింగ్ శాల గారు కరెంటు వైపు చెప్పినదంతా సరైనదే. డిస్కు వైపు సంగతి నేను చెబుతాను.

గౌతమీతీరం గారూ, కంప్యూటర్ షాపు ఆయన మంచి మనసుతోనే అని ఉంటారు గానీ ఆ దారిలో మీకు కార్యక్రమం దక్కదు. చెల్లింపు డీటీహెచ్ బాక్సు రికార్డు చేసేటప్పుడు దృశ్యాన్ని మామూలు వీడియో ఫైలుగా రాయదు, తాళం వేసి రాస్తుంది. ఆ తాళంచెవి డిస్కు మీద ఉండదు. బాక్సులోని ప్రాసెసర్ చిప్‌లోనూ, దానికి జత చేసిన స్మార్ట్‌కార్డు ఉంటే దాన్ని కలుపుకుని కూడా ఏర్పడుతుంది. అందువల్ల డిస్కులోని ప్రతి బిట్టునూ చెక్కుచెదరకుండా కంప్యూటర్‌లోకి తెచ్చుకున్నా తెర మీద నాన్నగారు కనిపించరు. అదే కంపెనీ, అదే మోడల్ బాక్సు ఇంకొకటి తెచ్చి అందులో మీ డిస్కు పెట్టినా కనిపించరు. మీ బోర్డు, మీ డిస్కు, కార్డు ఉంటే మీ కార్డు, ఇవన్నీ ఒకే కుటుంబం, విడదీస్తే ఏదీ పనికిరాదు. బాక్సు మార్చుకుంటే రికార్డింగులు రావని కంపెనీ అబ్బాయి చెప్పిన మాట నిజమేనన్నమాట. అందుకే బాక్సు మార్చకూడదు, బాగుచేసుకోవాలి. పవర్ సప్లైకి ఆ తాళంతో సంబంధం లేదు గనుక దాన్ని రిపేరు చేసినా, మొత్తంగా మార్చినా నష్టం లేదు. ప్రాసెసర్ ఉన్న మెయిన్ బోర్డును మాత్రం ఎవరు మారుస్తామన్నా ఒప్పుకోకండి.

కంప్యూటర్‌కు తగిలించడంలో ప్రమాదం కూడా ఉంది. బాక్సులోని డిస్కు విండోస్‌కు అర్థమయ్యే పద్ధతిలో ఉండదు. తగిలించగానే డిస్కును ఇనిషియలైజ్ చేయాలనో, ఫార్మాట్ చేయాలనో అడుగుతుంది. అలవాటు కొద్దీ ఓకే నొక్కితే డిస్కు మొదట్లో ఉండే పట్టిక చెరిగిపోతుంది, ఆ తరువాత బాక్సు బాగుపడినా తన డిస్కును తానే గుర్తుపట్టదు. లైనక్స్ అయినా జాగ్రత్త అవసరమే. డిస్కును తనంతట తాను తెరిచి వాడకానికి తెచ్చుకుంటే (దీన్నే మౌంట్ అంటారు), కొన్ని ఫైల్ సిస్టమ్‌లలో చదవడానికి మాత్రమే అని చెప్పినా సరే, సగంలో ఆగిన పనుల చిట్టా అయిన జర్నల్‌ను పూర్తిచేసే పేరుతో డిస్కు మీద రాస్తుంది.

అయితే కంప్యూటర్ పూర్తిగా పనికిరాదని నా ఉద్దేశం కాదు. డిస్కు ఆరోగ్యం చూడడానికి, దాని నకలు తీసి పెట్టుకోవడానికి అది పనికొస్తుంది. తెలిసినవారి చేత ఆటోమౌంట్ ఆపేసిన లైనక్స్‌లో డిస్కు తగిలించి, ముందు స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, చదివించండి. అందులో మూడు వరుసలు ముఖ్యం. 5వ సంఖ్య పాడై పక్కకు తప్పించిన సెక్టార్లను (డేటా రాసే చిన్న గడులను) చెబుతుంది. 197వది చదవలేక పెండింగ్‌లో పెట్టినవాటిని చెబుతుంది. 199వది పెరిగి ఉంటే తప్పు డిస్కుది కాకుండా డేటా కేబుల్‌ది అయ్యే అవకాశం ఎక్కువ. మొదటి రెండూ సున్నా అయితే డిస్కు గురించి చాలావరకు నిశ్చింతగా ఉండవచ్చు. సున్నా కాకపోతే బాక్సులో తిరిగి పెట్టకముందే, అదే పరిమాణం గానీ అంతకన్నా పెద్దది గానీ అయిన ఖాళీ డిస్కు మీదికి డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నకలు తీయించండి. అది ముందు సులువుగా చదవగలిగే భాగాలన్నీ తీసుకుని, మొండికేసిన చోట్లను చివరికి ఉంచుకుంటుంది. ఎంతవరకు వచ్చిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది గనుక మధ్యలో కరెంటు పోయినా మళ్ళీ అక్కడి నుంచే సాగుతుంది. బాగున్న డిస్కు అయితే 500 జీబీ నకలుకు యూఎస్‌బీ 2.0 మీద నాలుగైదు గంటలు పడుతుంది, కంప్యూటర్ లోపలి సాటా పోర్టు మీద నేరుగా అందులో సగం కూడా పట్టదు. ఏది అసలు డిస్కో, ఏది ఖాళీ డిస్కో సీరియల్ నంబర్లు చూసి ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాకే ఆజ్ఞ ఇవ్వాలి. అవి తారుమారైతే ఖాళీ డిస్కు మీది శూన్యం అసలు డిస్కు మీదికి ఎక్కుతుంది, దానికి ప్రపంచంలో ఎక్కడా మందు లేదు.

డిస్కు నుంచి టిక్, టిక్ అని ఒకే లయలో కొట్టుకునే చప్పుడు వస్తుంటే మాత్రం ఇవేవీ ఇంట్లో చేయకండి. అది సాధారణంగా లోపల డేటాను చదివే హెడ్ల సమస్య, వెంటనే కరెంటు తీసేయాలి. మీరు రాసిన దాన్ని బట్టి అలాంటి చప్పుడు లేనట్టే ఉంది.

జవాబు: యాంటెన్నా (అనంతపురం)

పై ఇద్దరి సలహాలూ చదివాను. ఒక్క విషయంలో డిస్కు భద్రం గారితో నేను కొంత విభేదిస్తాను. డిస్కు చప్పుడు మామూలుగా ఉండి, కెపాసిటర్లు ఉబ్బి కనిపిస్తే, డిస్కును ఊళ్ళో ఎవరి చేతికో ఇచ్చి కంప్యూటర్‌కు తగిలించడమే ఎక్కువ ప్రమాదమని నా అభిప్రాయం. చిన్న ఊళ్ళలో లైనక్స్‌లో ఆటోమౌంట్ ఆపి డీడీరెస్క్యూ నడిపేవారు దొరకడం కష్టం. దొరికినవారు పాత అలవాటు చొప్పున విండోస్‌కు తగిలిస్తారు. నకలు డిస్కును కొన్ని మోడళ్ళు అంగీకరించవు కూడా, అసలు డిస్కు సీరియల్ నంబరు గుర్తుపెట్టుకుని కొత్తది కనబడగానే ఫార్మాట్ అడుగుతాయి. అందువల్ల నకలు తీసినా అసలు డిస్కును పారేయకూడదు, నకలును మొదటిసారి పెట్టినప్పుడు ఫార్మాట్ అడిగితే వెంటనే ఆపేయాలి. నా మటుకు నేనైతే ముందు పవర్ సప్లై బాగుచేయించి, బాక్సు నిలబడిన వెంటనే ఆ ఒక్క కార్యక్రమాన్ని బయటికి తీసుకుంటాను.

బయటికి తీయడమంటే బాక్సు వెనక ఎరుపు, తెలుపు, పసుపు రంగుల ఏవీ (ఆడియో-వీడియో) సాకెట్ల నుంచి తీయడం. హెచ్‌డీఎంఐ దారిలో కాపీ రక్షణ ఉంటుంది గనుక ఆ జోలికి వెళ్ళవద్దు. ఏవీ లీడును యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి గానీ, ఎవరింట్లోనైనా పాత డీవీడీ రికార్డర్ ఉంటే దానికి గానీ కలిపి, బాక్సులో కార్యక్రమం ప్లే చేస్తూ అటువైపు రికార్డు చేసుకోవాలి. గంట కార్యక్రమానికి గంట పడుతుంది, తొందరపెట్టే వీలు లేదు. ఏవీ దారిలో వచ్చేది 576 గీతల మామూలు చిత్రమే కాబట్టి హెచ్‌డీ స్పష్టత ఉండదు గానీ, హరికథకు కావలసిన గొంతు, మృదంగం, చిడతలు స్టీరియోలో చక్కగా వస్తాయి. కొన్ని బాక్సుల్లో కొన్ని ఛానెళ్ళకు ఏవీ దారిలో కూడా కాపీ అడ్డు ఉండవచ్చు గనుక ముందు ఒక నిమిషం నమూనా తీసి చూసుకోండి. ఇంట్లో చూసుకోవడానికి ఉంచుకునే కాపీగానే దాన్ని ఉంచండి, ప్రసార హక్కులు వేరేవారివి గనుక ఎక్కడా అప్‌లోడ్ చేయకండి.

అలాగే చాలా సేవల్లో రీఛార్జ్ అయిపోతే పాత రికార్డింగులు కూడా ప్లే కావు. బాక్సు బాగైన రోజుకు ప్యాక్ నడుస్తూ ఉండేట్టు చూసుకోండి.

ఈ చర్చ చదివే దూరదర్శన్ ఉచిత సేవ ఫ్రీ డిష్ వాడకందార్లకు ఒక మాట. మీ బాక్సులు పెన్‌డ్రైవ్ మీద రాసే రికార్డింగులకు సాధారణంగా ఇలాంటి తాళం ఉండదు. బాక్సు చెడిపోయినా పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్‌కు పెట్టి వీఎల్‌సీ ప్లేయర్‌లో చూసుకోవచ్చు. ఫ్యాట్32 పద్ధతిలో ఫైలు 4 జీబీ దాటకూడదు గనుక ఒకే కార్యక్రమం రెండు మూడు ముక్కలుగా కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. పైన చెప్పిన జాగ్రత్తలు లోపలి డిస్కు ఉన్న చెల్లింపు బాక్సులకు.

గౌతమీతీరం (కాకినాడ)

ముగ్గురికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రెండు కేబుళ్ళూ తీసి పరీక్షించాను, అప్పుడూ అదే వరుస. పాత కాగితాలు చూస్తే బాక్సు మేము డబ్బు కట్టి కొన్నదేనని తేలింది, వారంటీ ఎప్పుడో ముగిసింది. మా ఊరి టీవీ మెకానిక్ మా ఎదుటే మూత తీశారు. పవర్ సప్లై పక్కన పక్కపక్కనే ఉన్న రెండు కెపాసిటర్ల తలలు స్పష్టంగా ఉబ్బి ఉన్నాయి, ఒకదాని మీద గోధుమ రంగు మరక కూడా ఉంది. రెండిటి మీదా 1000 మైక్రోఫారడ్లు, 16 వోల్టులు అని రాసి ఉంది. పసుపు వైరు మీద మీటరు మొదట 12 చూపించి, డిస్కు చప్పుడు మొదలవగానే తొమ్మిదికి దిగి, బాక్సు ఆరిపోయింది. ఎరుపు వైరు మీద పెద్ద తేడా రాలేదు.

కొత్త కెపాసిటర్లు వేస్తానని ఆయన అంటున్నారు. తన దగ్గర 1000 మైక్రోఫారడ్లు, 25 వోల్టులవి ఉన్నాయట, అవి వేయవచ్చునా? వేసిన తరువాత తొలిసారి స్విచ్ వేసేటప్పుడు డిస్కుకు ఏమీ కాకుండా తీసుకోవలసిన జాగ్రత్త ఉందా?

జవాబు: సోల్డరింగ్ శాల (విజయవాడ)

ఆ కొలతతో సందేహం తీరిపోయింది, ముందు బాగుచేయవలసింది పవర్ సప్లైనే. 16 వోల్టుల చోట 25 వోల్టులది వేయవచ్చు, లోపల పట్టేంత చోటుంటే చాలు. వోల్టులు ఎక్కువైతే పరవాలేదు, తక్కువ మాత్రం కాకూడదు. మైక్రోఫారడ్లు అవే ఉండాలి. అంతకంటే ముఖ్యమైనది దాని రకం. తొడుగు మీద 105 డిగ్రీలు అని రాసి ఉండాలి, స్విచింగ్ పవర్ సప్లైల కోసం చేసిన తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) రకం కావాలి. మామూలు 85 డిగ్రీల రకం వేస్తే ఆ రోజుకు బాక్సు నడుస్తుంది, కొన్నాళ్ళకే మళ్ళీ ఉబ్బుతుంది. పాత టీవీ బోర్డుల నుంచి పీకినవి వేయనివ్వకండి. ఉబ్బిన రెండిటితో ఊరుకోకుండా, అదే వరుసలో 5 వోల్టుల వైపు ఉన్నవీ, కంట్రోల్ ఐసీ పక్కన ఉండే చిన్న కెపాసిటరూ కూడా మార్పించండి. ఇవన్నీ ఒకే వేడిలో ఒకే కాలం మగ్గినవి. అన్నీ కలిపినా పెద్ద ఖర్చు కాదు. తొడుగు మీద తెల్లగీత ఉన్నది మైనస్ కాలు, బోర్డు మీది గుర్తుతో అది సరిపోవాలి. తిరగేసి పెడితే పేలుతుంది.

తొలిసారి స్విచ్ వేసే పద్ధతి ఇది. ముందు పవర్ సప్లైని మెయిన్ బోర్డు నుంచీ డిస్కు నుంచీ విడదీయాలి. ఆ పైన మా మెకానిక్కులందరి దగ్గరా ఉండే సిరీస్ బల్బు (కరెంటు దారిలో మధ్యన కలిపే మామూలు బల్బు) ద్వారా కరెంటు ఇవ్వాలి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే లోపల షార్ట్ లేనట్టు, నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే తీసేయాలి. అది సరిపోయాక సిరీస్ బల్బు తీసి, 12 వోల్టుల వైపు డిస్కు బదులు ఏదైనా ఉత్త లోడు పెట్టి చూడాలి. మోటార్ సైకిల్ ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల 10 వాట్ల ఫిలమెంట్ బల్బులు రెండు పక్కపక్కన కలిపితే దాదాపు ఒకటిన్నర ఆంపియర్లు లాగుతాయి, డిస్కు లాగే దానికి అది దగ్గరగా ఉంటుంది. బల్బులు వెలుగుతున్నంతసేపూ 12 వోల్టులు కదలకుండా నిలిస్తేనే డిస్కు తగిలించండి. కొన్ని పవర్ సప్లైలు మెయిన్ బోర్డు నుంచి సంకేతం వస్తేనే 12 వోల్టులు ఇస్తాయి. మీది అలాంటిదైతే మెయిన్ బోర్డు కలిపి, డిస్కు పవర్ వైరు స్థానంలోనే బల్బులు పెట్టించండి. డిస్కు దొరకలేదనో, ఫార్మాట్ చేయమనో తెర మీద వస్తే పట్టించుకోకుండా కొలత చూసుకుని ఆపేయండి.

జవాబు: డిస్కు భద్రం (హైదరాబాద్)

యాంటెన్నా గారు చెప్పిన భయం సమంజసమైనదే. ఆటోమౌంట్ ఆపగలిగినవారు దొరకకపోతే డిస్కును కదిలించకపోవడమే మేలు. అలాంటప్పుడు సోల్డరింగ్ శాల గారి వరుస అయ్యాక, డిస్కును తిరిగి కలిపి నేరుగా ఏవీ దారిలో కాపీకి వెళ్ళండి.

దానికి ముందు చేయవలసినవి రెండున్నాయి. ఆ కాపీ తీసేంతవరకు బాక్సుకు డిష్ కేబుళ్ళు కలపకుండా చూడండి. కేబుల్ ఉంటే బాక్సు ఎప్పటికప్పుడు ప్రత్యక్ష ప్రసారాన్ని డిస్కు మీద రాస్తూ ఉంటుంది, ప్రసారాన్ని వెనక్కి జరుపుకుని చూసే సదుపాయం దాని వల్లనే వస్తుంది. పాత షెడ్యూలు ప్రకారం రికార్డింగులు మొదలుపెట్టి, చోటు చాలకపోతే పాతవాటిని తానే చెరిపేసే అవకాశమూ ఉంది, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దిగే అవకాశమూ ఉంది. కేబుల్ లేకపోతే రికార్డింగు ప్లే చేయనని బాక్సు మొండికేస్తే అప్పుడు మాత్రమే కలిపి, ముందుగా నాన్నగారి కార్యక్రమానికి చెరపకుండా ఉంచే గుర్తు పెట్టండి. రెండోది, కాపీ తీసేటప్పుడు బాక్సును ఇన్వర్టర్ మీద గానీ కంప్యూటర్ యూపీఎస్ మీద గానీ నడపండి.

గౌతమీతీరం (కాకినాడ)

బాక్సు నిలబడింది. మెకానిక్ గారు సరుకు దగ్గర లేకపోతే తెప్పించి మరీ 105 డిగ్రీల రకమే వేశారు, బల్బుల పరీక్షలో 12 వోల్టులు నిలిచాకే డిస్కు కలిపారు. ఫార్మాట్ సందేశం రాలేదు, రికార్డింగుల పట్టిక మొత్తం కనిపించింది. కేబుల్ లేకుండా ప్లే చేయడానికి మొదట ఒప్పుకోలేదు, కార్డును అధీకరించుకోవడానికి ఒక కేబుల్ కలపవలసి వచ్చింది. కలిపిన వెంటనే చెరపకుండా ఉంచే గుర్తు పెట్టేశాను. ఏవీ దారిలో నమూనా తీస్తే బొమ్మ, శబ్దం రెండూ వచ్చాయి, ఆ తరువాత కథంతా కాపీ అయింది. నాన్నగారు పక్కనే కూర్చుని మొదటి నుంచి చివరి వరకు చూశారు.

ఒక్క సందేహం మిగిలింది. కథ మధ్యలో ఒకచోట బొమ్మ గడులు గడులుగా విరిగి, శబ్దం ఒక్క క్షణం ఆగి మళ్ళీ సాగుతోంది. బాక్సులో వెనక్కి జరిపి చూసినా సరిగ్గా అదే చోట అలాగే వస్తోంది. అది కాపీలో వచ్చిన లోపమా, డిస్కులో ఉన్నదా?

జవాబు: డిస్కు భద్రం (హైదరాబాద్)

చాలా సంతోషమండి. బాక్సులో ప్లే చేసినప్పుడు కూడా అదే చోట విరుగుతోంది కాబట్టి కాపీలో తప్పు లేదు. దానికి రెండు కారణాలు ఉండవచ్చు. రికార్డు చేసిన రోజున మబ్బు పట్టి సిగ్నల్ తగ్గి ఉంటే ఆ విరగడం అప్పుడే రికార్డింగులోకి చేరి ఉంటుంది, దానికి ఇప్పుడు చేయగలిగింది లేదు. అది ఇటీవలే వచ్చిందని మీకు గుర్తుంటే మాత్రం డిస్కు మీద ఆ చోట సెక్టారు ఒకటి చదవడానికి మొరాయిస్తోందన్నమాట. అలా అయితే ఆ చోటినే పదేపదే ప్లే చేసి చూడకండి, మిగిలినవి ఏవైనా కావాలనుకుంటే ఇప్పుడే ఏవీ దారిలో తీసేసుకోండి. తీసిన కాపీని కంప్యూటర్‌లో ఒకచోట, విడిగా ఉండే డిస్కులో ఇంకొకచోట, మీ తోబుట్టువుల ఇంట్లో మరొకచోట ఉంచండి.

విరిగిన ఆ ముక్క కూడా కావాలనిపిస్తే, ప్రసారమైన తేదీ, కార్యక్రమం పేరు, నాన్నగారి పేరు రాసి విజయవాడ దూరదర్శన్ కేంద్రానికి ఒక విన్నపం పంపి చూడండి. టేపు వారి దగ్గర భద్రంగా ఉంటే మీ రికార్డింగు కంటే స్పష్టమైన ప్రతి దొరికే అవకాశం ఉంది.